అమెరికాలో బీవోఐ రిపోర్టు: కోర్టు కేసుల నడుమ ఎవరు ఫైల్ చేయాలి, ఎలా చేయాలి

డల్లాస్‌లో సొంత ఎల్ఎల్‌సీ నడుపుతున్నవాళ్లూ, హైదరాబాద్‌లోని ప్రైవేట్ లిమిటెడ్‌కు న్యూజెర్సీలో బ్రాంచి తెరిచినవాళ్లూ అడిగేది ఒకటే: బీవోఐ రిపోర్టు ఇంకా ఉందా, ఎత్తేశారా? ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఎవరో ఒకరు నష్టపోతారు. మొదటివాళ్లకు ఇప్పుడు అక్కర్లేదు. రెండోవాళ్లు వేయాల్సిందే. అది కూడా 30 రోజుల్లో.

కంపెనీ వెనకున్న అసలు యజమానులు ఎవరో అమెరికా ట్రెజరీలోని ఫిన్‌సెన్ విభాగానికి తెలియజేసే పత్రమే ఈ బీవోఐ (బెనిఫిషియల్ ఓనర్‌షిప్ ఇన్ఫర్మేషన్) రిపోర్టు. దీనికి ఆధారం 2021 జనవరి 1న వచ్చిన కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ చట్టం. కింది అంచెలను వరసలోనే చదవండి. మొదటి రెండింట్లోనే చాలామందికి తేలిపోతుంది.

## 1. చట్టం వేరు, రూలు వేరు, కోర్టు ఉత్తర్వు వేరు

గందరగోళమంతా ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తోంది. జరిగింది క్లుప్తంగా:

- 2024 మార్చిలో అలబామా ఫెడరల్ జిల్లా కోర్టు ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తీర్పు కేసు వేసినవాళ్లకు మాత్రమే వర్తించింది.
- 2024 డిసెంబర్ 3న టెక్సస్ కోర్టు దేశమంతటా అమలును ఆపింది. అప్పీల్ కోర్టు 23న ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది, 26న ఆ స్టేను తీసేసింది.
- 2025 జనవరి 23న సుప్రీంకోర్టు ఆ దేశవ్యాప్త ఉత్తర్వును పక్కన పెట్టింది. టెక్సస్‌లోనే మరో కేసులో వచ్చిన ఉత్తర్వు ఫిబ్రవరి వరకు అడ్డంగా నిలిచింది.
- 2025 మార్చి 21న ఫిన్‌సెన్ తానే మధ్యంతర తుది నియమం (ముందే అమల్లోకి వచ్చి, తర్వాత మార్చడానికి వీలున్న రూలు) ప్రకటించింది. మార్చి 26న అది అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయింది. అమెరికాలో పుట్టిన కంపెనీలన్నిటికీ రిపోర్టు నుంచి మినహాయింపు ఇచ్చింది అదే.
- 2025 డిసెంబర్‌లో 11వ సర్క్యూట్ అప్పీల్ కోర్టు అలబామా తీర్పును తిరగదోసి, చట్టం చెల్లుతుందని తేల్చింది.

గమనించాల్సింది ఇది: దేశీయ కంపెనీలను వదిలేసింది కోర్టు కాదు, ఫిన్‌సెన్ రూలు. చట్టం చెల్లుతుందని ఒక కోర్టు చెప్పగానే మీ ఎల్ఎల్‌సీ మీద పాత బాధ్యత తిరిగి పడదు. అలాగే చట్టం చెల్లదని ఎక్కడో తీర్పు వస్తే మీ హైదరాబాద్ కంపెనీ బ్రాంచికి దానంతటదే సెలవు దొరకదు. ఫైల్ చేయాలా వద్దా అని చూడాల్సింది ఆ రోజు అమల్లో ఉన్న రూలును.

## 2. మీ కంపెనీ ఎక్కడ పుట్టింది?

యజమాని ఏ దేశస్థుడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కంపెనీ ఏ దేశ చట్టం కింద ఏర్పడిందన్నదే లెక్క. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి ఒక్కో సందర్భాన్ని విడిగా చూడండి.

గుంటూరులో ఉంటూ డెలవేర్ లేదా వయోమింగ్‌లో ఎల్ఎల్‌సీ పెట్టుకున్నారు. మీరు భారత పౌరులే అయినా కంపెనీ అమెరికా కంపెనీ. రిపోర్టు అక్కర్లేదు.

భారత కంపెనీ డెలవేర్‌లో సబ్సిడియరీ పెట్టింది. ఆ సబ్సిడియరీ కూడా అమెరికా కంపెనీయే. రిపోర్టు అక్కర్లేదు.

భారత కంపెనీ సబ్సిడియరీ లేకుండా, తన పేరుతోనే టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర వ్యాపారానికి నమోదు చేసుకుంది. ఇది విదేశీ రిపోర్టింగ్ కంపెనీ. రిపోర్టు వేయాలి.

భారత కంపెనీ అమెరికా క్లయింట్లకు ఇక్కడి నుంచే పనిచేసి పెడుతోంది, ఏ రాష్ట్రంలోనూ నమోదు కాలేదు. రిపోర్టు అక్కర్లేదు. ఈఐఎన్ (కంపెనీకి ఇచ్చే అమెరికా పన్ను నంబరు) తీసుకోవడం, అమెరికా బ్యాంకులో ఖాతా తెరవడం నమోదు కిందకు రావు.

డెలవేర్ ఎల్ఎల్‌సీ టెక్సస్‌లో 'ఫారిన్ ఎంటిటీ'గా నమోదైంది. ఈ మాట చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. టెక్సస్ లెక్కలో పక్క రాష్ట్రం కంపెనీ కూడా ఫారినే. ఫిన్‌సెన్ లెక్కలో మాత్రం అది దేశీయ కంపెనీయే. రిపోర్టు అక్కర్లేదు.

మీది ఏ రకమో జ్ఞాపకం మీద ఆధారపడి తేల్చకండి. నమోదు సర్టిఫికెట్ తీసి, కంపెనీ ఏర్పడిన చోటు దగ్గర ఏం రాసి ఉందో చూడండి. అక్కడ ఇండియా అని ఉంటే ముందుకు చదవండి. అమెరికా రాష్ట్రం పేరుంటే నేరుగా 9వ అంచెకు వెళ్లండి.

## 3. మినహాయింపు ఉందేమో చూసుకోండి

బ్యాంకులు, బీమా సంస్థలు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన కొన్ని కంపెనీల వంటివాటికి ముందునుంచీ మినహాయింపులున్నాయి. మామూలు సర్వీసెస్ కంపెనీకి పనికొచ్చే అవకాశం ఉన్నది పెద్ద ఆపరేటింగ్ కంపెనీ మినహాయింపు. దానికి ఈ మూడూ ఉండాలి:

- అమెరికాలో 20 మందికి మించి పూర్తికాల ఉద్యోగులు
- అమెరికాలో నిజంగా పనిచేసే ఆఫీసు
- నిరుటి అమెరికా పన్ను రిటర్నులో అమెరికా నుంచి వచ్చిన 50 లక్షల డాలర్లకు మించిన స్థూల రాబడి

మాదాపూర్‌లో 400 మంది ఉన్నా అమెరికాలో 20 మందే ఉంటే ఇది వర్తించదు. 20కి మించాలి కాబట్టి కనీసం 21 మంది ఉండాలి.

## 4. అసలు యజమానుల జాబితా రాయండి

ఫారం తెరవకముందే ఈ పని కాగితం మీద చేయండి. రెండు దారుల్లో ఏ ఒక్కదానిలో వచ్చినా ఆ వ్యక్తి బెనిఫిషియల్ ఓనరే.

వాటా దారి: నేరుగా గానీ, మరో కంపెనీ ద్వారా గానీ 25 శాతం లేదా అంతకు మించి వాటా.

పెత్తనం దారి: సీఈవో, ప్రెసిడెంట్, సీఎఫ్‌వో, సీవోవో, జనరల్ కౌన్సెల్ వంటి ఉన్నతాధికారి, వాళ్లను గానీ బోర్డులో మెజారిటీని గానీ నియమించే, తీసేసే అధికారం ఉన్నవాళ్లు, కంపెనీ పెద్ద నిర్ణయాల్లో గట్టి పట్టు ఉన్నవాళ్లు. పైసా వాటా లేని సీఎఫ్‌వో కూడా ఈ దారిలో జాబితాకెక్కుతారు. డైరెక్టర్ అయినంత మాత్రాన మాత్రం ఎవరూ జాబితాలోకి రారు. వాళ్ల చేతిలో నిజంగా ఏ అధికారం ఉందో ఒక్కొక్కరికీ చూడాలి.

ఒక లెక్క చూడండి. కంపెనీలో వ్యవస్థాపకుడికి 40 శాతం, ఆయన భార్యకు 20, విజయవాడలోని ఇంకో కంపెనీకి 30, ఉద్యోగులకు 10 ఉన్నాయనుకుందాం. వ్యవస్థాపకుడు జాబితాలో ఉంటారు. భార్యాభర్తలన్న కారణంతో 20ని 40కి కలపరు కాబట్టి, వేరే అధికారం లేకపోతే భార్య రారు. విజయవాడ కంపెనీ పేరు రాసి ఊరుకుంటే చాలదు, దాని వెనకున్న మనిషి కావాలి. అందులో ఒకరికే 90 శాతం ఉంటే 30లో 90 శాతం అంటే 27. పైగా ఆ కంపెనీ ఆయన చెప్పుచేతల్లోనే ఉంది. ఆయన పేరు రాయాలి.

స్టాక్ ఆప్షన్లను వాడుకున్నట్టే లెక్కేయాలి. 22 శాతం వాటా ఉన్న సహ వ్యవస్థాపకుడు ఆప్షన్లతో కలిపి 25 దాటుతున్నారేమో క్యాప్ టేబుల్‌లో (ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టిక) చూడండి.

మైనర్ పేరు మీద వాటా ఉంటే తల్లి, తండ్రి లేదా సంరక్షకుడి వివరాలిచ్చి, అవి వాళ్లవని గుర్తు పెట్టాలి. బినామీ పేరు రాయకూడదు, ఎవరి తరఫున పట్టుకున్నారో వాళ్ల పేరే రాయాలి.

## 5. జాబితాలోంచి అమెరికా వ్యక్తులను వేరు చేయండి

2025 రూలు ప్రకారం, విదేశీ కంపెనీ తన బెనిఫిషియల్ ఓనర్లలో అమెరికా వ్యక్తుల వివరాలు ఇవ్వక్కర్లేదు. అడిగినా వాళ్లు ఇవ్వాల్సిన పని లేదు. అయితే అమెరికా వ్యక్తి అంటే పౌరుడే అనుకోకండి. ఇక్కడ వాడేది ఆదాయపు పన్ను చట్టంలోని నిర్వచనం. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, తగినన్ని రోజులు అక్కడ ఉండి పన్ను పరంగా రెసిడెంట్లయినవాళ్లు అందరూ అందులోకి వస్తారు.

రోజుల లెక్క ఇలా వేయాలి: ఈ ఏడు కనీసం 31 రోజులు ఉండాలి. ఈ ఏటి రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేటి రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 కావాలి. మూడేళ్లూ ఏడాదికి 120 రోజుల చొప్పున ఉన్నవారికి 120, 40, 20 కలిపి 180. వాళ్లు ఈ పరీక్షలో అమెరికా వ్యక్తి కారు. హెచ్-1బీ మీద ఏడాది పొడవునా అక్కడే ఉన్నవాళ్లు మామూలుగా అవుతారు. ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు.

యజమానులందరూ అమెరికా వ్యక్తులే అయితే ఓనర్ల వివరాలు ఉండవు, అంతే. కంపెనీ రిపోర్టు మాత్రం వేయాలి.

## 6. కాగితాలు ముందే సమకూర్చుకోండి

ఆన్‌లైన్ ఫారం మధ్యలో సేవ్ కాదు. ఒకేసారి కూర్చుని పూర్తి చేయాలి. అందుకే ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

కంపెనీకి:

- ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పూర్తి పేరు, వాడుకలో ఉన్న ఇతర వ్యాపార పేర్లు
- అమెరికాలో వ్యాపారం చేసే చోటు చిరునామా (పోస్ట్ బాక్స్ పనికిరాదు)
- ఏర్పడిన దేశం, అమెరికాలో మొదట నమోదైన రాష్ట్రం
- ఈఐఎన్. అమెరికా పన్ను నంబరేదీ లేకపోతే కంపెనీ పాన్‌ను విదేశీ పన్ను నంబరుగా ఇవ్వవచ్చు

ఒక్కో బెనిఫిషియల్ ఓనర్‌కు:

- గుర్తింపు పత్రంలో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ
- ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా (ఆఫీసుది కాదు)
- గడువు తీరని పాస్‌పోర్టు నంబరు, ఫొటో ఉన్న పేజీ చిత్రం

ఆధార్, పాన్, భారత డ్రైవింగ్ లైసెన్స్ చెల్లవు. అమెరికా పాస్‌పోర్టు, అక్కడి రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్స్ లేదా ఐడీ ఉంటే వాటిలో ఒకటి ఇవ్వాలి. అవేవీ లేనివాళ్లకే విదేశీ పాస్‌పోర్టు.

చిత్రం జేపీజీ, పీఎన్‌జీ లేదా పీడీఎఫ్‌లో 4 ఎంబీకి మించకుండా ఉండాలి. ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు 'వాట్సాప్ ఇమేజ్' అంటూ తేదీ, సమయంతో మధ్య మధ్య ఖాళీలతో పేరు పడుతుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే ఫారం తీసుకోదు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో చిన్న పేరు పెట్టండి.

కంపెనీ అమెరికాలో 2024 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ నమోదైతే కంపెనీ అప్లికెంట్ వివరాలు కూడా కావాలి. నమోదు పత్రాన్ని స్వయంగా దాఖలు చేసిన వ్యక్తి ఒకరు, ఆ పని దగ్గరుండి చేయించిన వ్యక్తి ఉంటే ఇంకొకరు. ఇద్దరికి మించరు. అది తరచూ లా ఆఫీసులో పనిచేసేవారే కాబట్టి వాళ్ల వివరాలు ముందే అడిగి పెట్టుకోండి. అంతకుముందే నమోదైన కంపెనీ అయితే ఈ భాగం అక్కర్లేదని చెప్పే గడిలో టిక్ పెడితే సరిపోతుంది.

## 7. ఫైలింగ్, గడి తర్వాత గడి

1. ఫిన్‌సెన్ అధికారిక సైట్ తెరిచి, అక్కడున్న బీవోఐ లింకు ద్వారానే ఈ-ఫైలింగ్‌కు వెళ్లండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కకండి. ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు లేదు.
2. ఆన్‌లైన్ ఫారమా, పీడీఎఫ్ ఫారమా ఎంచుకోండి. ఓనర్లు ఇద్దరికి మించితే పీడీఎఫ్ మేలు. సేవ్ చేసుకుంటూ నింపవచ్చు, తర్వాత మార్పు వచ్చినప్పుడు అదే ఫైలు పనికొస్తుంది.
3. రిపోర్టు రకం దగ్గర మొదటిసారి అయితే ఇనీషియల్ ఎంచుకోండి. కరెక్ట్, అప్‌డేట్ అన్నవి పాత రిపోర్టు ఉన్నప్పుడే.
4. కంపెనీ వివరాలు నింపండి. ఏర్పడిన చోటు దగ్గర దేశం, మొదటి నమోదు దగ్గర అమెరికా రాష్ట్రం ఎంచుకోండి. ఈ రెంటినీ తారుమారు చేస్తే విదేశీ కంపెనీ దేశీయంగా నమోదైపోతుంది.
5. అప్లికెంట్ భాగం నింపండి, లేదా 2024కు ముందరి కంపెనీ అన్న గడిలో టిక్ పెట్టండి.
6. ఒక్కో ఓనర్‌కు విడి పేజీ చేర్చండి. పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తర్వాత. 7 ఏప్రిల్ అయితే 04/07. మనకు అలవాటైన వరసలో కొడితే అది జూలై 4 అవుతుంది, ఫారం ఏ హెచ్చరికా ఇవ్వదు.
7. ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా లేనివాళ్లు ఎలా రాయాలో ముందే లాయరుతో తేల్చుకుని, ప్రతి రిపోర్టులోనూ అలాగే రాయండి.
8. ఫైల్ చేసేవారి పేరు, ఈమెయిల్ ఇచ్చి, వివరాలు నిజమని ధ్రువీకరించి సబ్మిట్ చేయండి.
9. వచ్చిన పేజీలోంచి ట్రాన్స్‌క్రిప్టు (వేసిన రిపోర్టు ప్రతి) అప్పుడే దించుకోండి. ఆ పేజీ మూసేస్తే మళ్లీ దొరకదు. ట్రాకింగ్ నంబరు కూడా రాసుకోండి.

పాస్‌పోర్టు వివరాలు కంపెనీ చేతికి ఇవ్వడం ఇష్టం లేని వాటాదారులు ఫిన్‌సెన్ దగ్గర సొంతంగా ఫిన్‌సెన్ ఐడీ తీసుకుని ఆ నంబరు ఒక్కటే కంపెనీకి ఇవ్వవచ్చు. బయటి పెట్టుబడిదారులున్న కంపెనీకి ఇది మంచి దారి. కాకపోతే ఆ తర్వాత మార్పులు తెలియజేసే బాధ్యత వాళ్లదే.

## 8. గడువులు

2025 మార్చి 26కు ముందే అమెరికాలో నమోదైన విదేశీ కంపెనీకి గడువు 2025 ఏప్రిల్ 25తో తీరిపోయింది. ఆ రోజు నుంచి నమోదైనవాటికి, నమోదు అమల్లోకి వచ్చిందని తెలిసిన నాటి నుంచి 30 క్యాలెండర్ రోజులు. ఆదివారాలు, పండుగలు కూడా లెక్కే.

మార్పు ఏదైనా వస్తే మళ్లీ 30 రోజులు. ఎక్కువమంది మరిచిపోయేది పాస్‌పోర్టు రెన్యువల్. భారత పాస్‌పోర్టు మార్చిన ప్రతిసారీ నంబరు మారుతుంది కాబట్టి కొత్త చిత్రంతో అప్‌డేట్ రిపోర్టు వేయాలి. ఇల్లు మారడం, కొత్త సీఎఫ్‌వో రావడం, వాటా 25 దాటడం కూడా అంతే. అమెరికాలో ఉన్న ఓనర్ ఇండియాకు తిరిగొచ్చి పన్ను పరంగా అక్కడి రెసిడెంట్ కాకుండాపోతే, అప్పుడు ఆయన పేరు చేర్చాల్సి వస్తుంది.

గడువు దాటిపోయిందని తెలిస్తే ఆ రోజే వేయండి. శిక్షలు ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టినవాళ్లకు: చట్టంలో రోజుకు 500 డాలర్లు, ధరల సర్దుబాటుతో 2025లో 606. క్రిమినల్ కేసైతే 10 వేల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. బాధ్యత ఉందని తెలిశాక కూడా నెలల తరబడి నానిస్తే 'తెలియక' అన్న మాట నిలవదు. వేసిన రిపోర్టులో తప్పు కనిపిస్తే 30 రోజుల్లో సరిదిద్దాలి. ఆ రిపోర్టు వేసిన 90 రోజుల్లోపు తామే సరిదిద్దుకున్నవారికి తప్పు వివరాలిచ్చినందుకు శిక్ష ఉండదు. కావాలని తప్పు రాసినవారికి ఈ రక్షణ లేదు.

## 9. దేశీయ కంపెనీ ఉన్నవాళ్లు చేయాల్సింది

బీవోఐ రిపోర్టు వేయక్కర్లేదు. 2024లో వేసినదాన్ని అప్‌డేట్ చేయక్కర్లేదు, సరిదిద్దక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు బీవోఐకే. కింది వాటిని దానితో కలిపేసుకుని వదిలేసినవాళ్లే పెద్ద దెబ్బ తింటున్నారు.

- ఫారం 5472: ఇండియాలో ఉంటూ ఒక్కరే యజమానిగా అమెరికా ఎల్ఎల్‌సీ నడిపేవారు, కంపెనీకీ తమకూ మధ్య లావాదేవీలుంటే ప్రొఫార్మా 1120తో (కంపెనీ పన్ను రిటర్ను ఫారం) కలిపి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు ఇవ్వాలి. మీరు పెట్టిన పెట్టుబడి కూడా లావాదేవీయే. ఇవ్వకపోతే జరిమానా 25 వేల డాలర్లు.
- ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు): అమెరికా వ్యక్తికి విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఇది వేయాలి. ఇదీ ఫిన్‌సెన్‌కే వెళ్తుంది కానీ బీవోఐతో సంబంధం లేదు.
- బ్యాంకు ఫారం: ఖాతా తెరిచేటప్పుడు అసలు యజమానుల వివరాలు అడగడం బ్యాంకులకు 2018 నుంచి ఉన్న వేరే నిబంధన. 'బీవోఐ ఎత్తేశారుగా' అని వాదించి లాభం లేదు, ఇవ్వాల్సిందే.
- ఇండియాలో బెన్-2: భారత కంపెనీ తన ముఖ్య అసలు యజమానుల గురించి రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఫారం. అక్కడ హద్దు 25 కాదు, 10 శాతం. రెండు జాబితాలు ఒకటే అనుకుని కాపీ చేయకండి.

విదేశంలో ఏర్పడిన ఎల్ఎల్‌సీని న్యూయార్క్‌లో నమోదు చేసుకుని ఉంటే, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ రాష్ట్ర సొంత చట్టాన్ని విడిగా చూసుకోవాలి.

దేశీయ కంపెనీవాళ్లకు మా సలహా: 4, 6 అంచెల్లోని జాబితా, పత్రాలు ఒకసారి తయారుచేసి దాచిపెట్టండి. చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది, మినహాయింపు ఇచ్చింది రూలు. రూలు మారితే గడువు కొద్ది రోజులే ఉండొచ్చు.

## 10. దొంగ ఉత్తరాలు

ఫారం 4022, ఫారం 5102 అంటూ వచ్చే ఉత్తరాలు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనే ఈమెయిళ్లు, వెంటనే డబ్బు కట్టకపోతే జరిమానా అనే బెదిరింపులు మోసాలని ఫిన్‌సెన్ హెచ్చరించింది. అసలు రిపోర్టుకు రుసుమే లేదు. అప్పటికే కార్డు వివరాలిచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. పాస్‌పోర్టు చిత్రం పంపి ఉంటే ఆ ఉత్తరం, రసీదు, తేదీలు భద్రపరిచి ఫిర్యాదు చేయండి.

## 11. కొత్త తీర్పు వార్త వచ్చిన రోజు

వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చూసి ఏదీ చేయకండి, ఏదీ ఆపకండి. ఈ నాలుగింటికి జవాబు దొరికాకే కదలండి:

- ఉత్తర్వు ఇచ్చింది ఏ స్థాయి కోర్టు? పైకోర్టులో దానిపై స్టే ఉందా?
- అది కేసు వేసినవాళ్లకేనా, అందరికీనా?
- అది కొట్టేసింది చట్టాన్నా, 2025 నాటి రూలునా?
- ఫిన్‌సెన్ బీవోఐ పేజీలో పైనున్న ప్రకటన ఏమంటోంది? దాని మీద తేదీ ఎంత?

నాలుగో ప్రశ్నకు దొరికిన జవాబును తేదీతో సహా పీడీఎఫ్‌గా దించి, ట్రాన్స్‌క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఆ రోజు ఫైల్ చేయడానికి గానీ, చేయకపోవడానికి గానీ మీరు దేన్ని నమ్మారో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ కాగితం కావాలి.